గుండె వైఫల్యం: రోగి, తోడున్న మనిషి

గుండె వైఫల్యంలో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఒంటికి కావలసినంత రక్తాన్ని మాత్రం పంపలేకపోతుంది, లేదా లోపల ఒత్తిడి పెరిగితే తప్ప పంపలేని స్థితికి వస్తుంది. దాంతో ఊపిరితిత్తుల్లో, పొట్టలో, కాళ్లలో నీరు చేరుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే దగ్గు, సాయంత్రానికి పాదాల వాపు మొదలవుతాయి. గుండెపోటుకు కండరం దెబ్బతినడం, ఏళ్ల తరబడి అదుపు తప్పిన బీపీ, షుగరు, చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల పాడైన కవాటాలు దీనికి ప్రధాన కారణాలు. ఎడమ జఠరిక తనలో ఉన్న రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత భాగాన్ని బయటికి నెడుతుందో ఎకో పరీక్ష చూపుతుంది. అది 40 శాతమో అంతకన్నా తక్కువో అయితే ఒక రకం, 50 శాతమో అంతకు మించో ఉండి కూడా గుండె బిగుసుకుపోయి లక్షణాలు కనిపిస్తే మరో రకం, నడుమ ఉన్నది ఇంకో రకం. ఇళ్లలో ‘పంపింగ్ ముప్పైకి పడిపోయింది’ అని చెప్పుకునేది ఈ లెక్కనే. అయితే ఆ అంకె ఒక్కటే రోగి భవిష్యత్తును నిర్ణయించదు. ఆ కాగితం పట్టుకుని ఇంటికి వెళ్లాక రోజూ ఏం జరుగుతుందన్నదీ అంతే ముఖ్యం. అందుకే ఈ జబ్బుకు వైద్యాన్ని రోగికీ, పక్కనుండి చూసుకునే మనిషికీ కలిపి చేయాలన్నది ఈ వ్యాసం వాదన.

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్ ఈ వాదనను పరీక్షించి చూడటానికి తగిన చోటు. ఒకప్పటి నాగన్నకుంటను 1933లో బ్రిటిష్ రెసిడెంట్ టి.హెచ్. కీస్ హయాంలో కొత్త పేటగా తీర్చి, విరాళమిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు పెట్టారు. ఇక్కడి పాత మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబరులో ప్రారంభించాక పేట పేరు నగరం దాటి వినిపించింది. ఇరుకు సందుల బస్తీలు, వాటి మధ్య ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల సముదాయాలు, రెండు గదుల్లో మూడు తరాలు సర్దుకుని ఉండే కుటుంబాలు ఇక్కడి వాస్తవం. 2003లో స్టేషన్ దగ్గరి పాత ఆవరణను వదిలి ముషీరాబాద్‌కు మారిన గాంధీ ఆస్పత్రి ఈ పేటకు కూతవేటు దూరం. మినిస్టర్ రోడ్డులో పెద్ద ప్రైవేటు ఆస్పత్రి ఉంది. ఆస్పత్రి దూరం కావడం వల్ల జబ్బు ముదిరిందనే మాట ఆదిలాబాద్ గూడేనికి వర్తించినట్టు ఇక్కడ వర్తించదు. దూరాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలేది ఇల్లే. పెద్దాసుపత్రి పక్కన ఉన్న ఇంట్లో కూడా రోగి మళ్లీ మళ్లీ నీరు పట్టి ఎమర్జెన్సీకి వెళ్లవలసి వస్తే, కారణం ఆ ఇంటి లోపలి రోజువారీ వ్యవహారంలో వెతకాలి.

మనదేశంలో ఈ జబ్బు ఎంత కఠినమైనదో రెండు రిజిస్ట్రీలు స్పష్టంగా చెప్పాయి. 2013లో 1,205 మందిని నమోదు చేసిన తిరువనంతపురం రిజిస్ట్రీలో ఆస్పత్రిలోనే మరణించినవారు సుమారు 8.5 శాతం. ఏడాది తిరిగేసరికి మరణాలు 31 శాతానికి, ఐదేళ్లకు 59 శాతానికి చేరాయి. తర్వాత 53 ఆస్పత్రుల నుంచి పదివేలకు పైగా రోగులను చేర్చిన జాతీయ రిజిస్ట్రీలో 90 రోజుల్లో మరణించినవారు 14 శాతం. ఆ రోగుల సగటు వయసు 60 లోపే. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా డెబ్బై దాటినవారిది. ఈ అంకెల్లో రెండు విషయాలున్నాయి. మొదటిది, చావుల్లో అధిక భాగం ఆస్పత్రి గడప దాటాకే జరుగుతున్నాయి. రెండోది, మన దగ్గర జబ్బు పడుతున్నది ఇంకా సంపాదిస్తున్న మనిషి. అంటే చూసుకునే మనిషి కూడా పనిచేసే వయసులోనే ఉంటుంది. భర్తను ఓపీకి తీసుకెళ్లిన రోజు ఆమె కూలీ పోతుంది, కొడుకు తోడు వెళితే అతని ఆటో ఆ పూట తిరగదు.

ఇంట్లో జరగవలసిన పని చెప్పడానికి చిన్నదే. పొద్దున్నే మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే అది కొవ్వు కాదు, నీరు, డాక్టరుకు చెప్పాలి. మందులు సాధారణంగా నాలుగు కుటుంబాలవి: రామిప్రిల్ లేదా సాకుబిట్రిల్-వల్సార్టన్ వంటిది, మెటోప్రొలాల్ లేదా కార్వెడిలాల్ వంటిది, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్. వీటి మీద నీరు తీసే ఫ్యూరోసెమైడ్ లేదా టార్సెమైడ్. చాలామందికి షుగరు గోలీలు, రక్తం పలుచబరిచేవి, కొలెస్ట్రాల్‌వి అదనం. అంటే రోజుకు ఎనిమిదో పదో. పోయిన నెల పసుపు రంగులో వచ్చిన గోలీ ఈ నెల మరో కంపెనీది తెల్లగా రావచ్చు. చదువు రాని ఇంట్లో మందును గుర్తుపట్టేది రంగుతోనే, స్ట్రిప్ మెరుపుతోనే. రంగు మారిన రోజున ఒకే మందు రెండుసార్లు పడుతుంది, లేదా ఒకటి పూర్తిగా తప్పిపోతుంది. నీటి గోలీది ఇంకో కథ. అది వేసుకున్న రెండు మూడు గంటల్లో పలుమార్లు మూత్రానికి వెళ్లాలి. బస్సెక్కే రోజున, పెళ్లికి వెళ్లే రోజున, పంచుకునే మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో దాన్ని మానేస్తారు. డాక్టరును అడిగితే వేళ మార్చుకోవచ్చని చెబుతారు, కానీ మానేస్తున్నామని డాక్టరుకు ఎవరూ చెప్పరు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ గోలీలు ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలబెట్టి వారాల వైద్యాన్ని రెండు మూడు రోజుల్లో పాడుచేస్తాయి. ఆ గోలీ తెచ్చేది సాధారణంగా రోగి కాదు, ప్రేమతో ఇంట్లోవాళ్లే.

ఇంత పనిని ఒక్క రోగే చూసుకోగలడనుకోవడం వాస్తవానికి దూరం. గుండె వైఫల్యం ఉన్నవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి కుంగుబాటు ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. జ్ఞాపకం, ఏకాగ్రత మందగించడమూ ఎక్కువ. మరో సంగతి అంతకన్నా ముఖ్యం. ఈ జబ్బు మెల్లగా వస్తుంది కాబట్టి రోగి తనకు తెలియకుండానే సర్దుకుపోతాడు. మేడ ఎక్కడం మానేస్తాడు, తర్వాత సందు చివరి కిరాణా కొట్టుకు వెళ్లడం మానేస్తాడు, తర్వాత స్నానానికి కుర్చీ వేయమంటాడు. అడిగితే ‘బాగానే ఉంది’ అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. తగ్గించుకున్న బతుకులో అతనికి నిజంగానే ఆయాసం లేదు. ఒక దిండు రెండైందని, అర్ధరాత్రి లేచి కిటికీ దగ్గర కూర్చుంటున్నాడని, చెప్పుల పట్టీ బిగుసుకుంటోందని గమనించేది అదే గదిలో పడుకునే మనిషి. లోపలి అలసట రోగికి తెలుసు, బయటి మార్పు ఆమెకు తెలుసు. రెండూ కలిస్తేనే ఆ సమాచారానికి అర్థం వస్తుంది.

అమెరికాకు చెందిన నర్సింగ్ పరిశోధకులు కారెన్ లయన్స్, క్రిస్టొఫర్ లీ 2018లో ఈ విషయానికి ఒక సిద్ధాంత రూపం ఇచ్చారు. జబ్బును ఇద్దరూ ఎలా అంచనా వేస్తున్నారు, ఆ అంచనా ఒకటేనా, దాన్ని బట్టి పనులు ఎలా పంచుకుంటున్నారు, దానివల్ల ఇద్దరి ఆరోగ్యం ఏమవుతోంది అన్నవి వారి ప్రశ్నలు. సేవ ఎంత జరిగిందన్న లెక్క కన్నా చూపు కలిసిందా అన్నది వారికి ముందు వస్తుంది. దీనికి పదిహేడేళ్ల ముందే, 2001లో, జేమ్స్ కోయిన్, మైకేల్ రోర్‌బా బృందం 189 మంది రోగులనూ వారి జీవిత భాగస్వాములనూ గమనించి, దాంపత్యం బాగున్నచోట నాలుగేళ్లు బతికే అవకాశం ఎక్కువని, జబ్బు తీవ్రతను లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం నిలిచిందని చూపింది. అదే బృందం 2004లో మరో సంగతి బయటపెట్టింది. జబ్బును నెట్టుకురాగలనని రోగికి ఉన్న నమ్మకం కన్నా, అతను నెట్టుకురాగలడని భార్యకో భర్తకో ఉన్న నమ్మకమే బతికే అవకాశాన్ని బాగా సూచించింది. దీన్ని రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. ఆ నమ్మకం రోగికి బలమిచ్చి ఉండవచ్చు. లేదా రోగికి అంతుపట్టని నిజాన్ని భాగస్వామి సరిగ్గా పసిగట్టి ఉండవచ్చు. ఏది నిజమైనా ఆమెను అడగకుండా వైద్యం చేయడం చేతిలో ఉన్న సమాచారాన్ని పారేయడమే.

చూపు కలవకపోతే ఏమవుతుందో వంటింట్లో కనిపిస్తుంది. తెలుగు భోజనంలో ఉప్పు ఒక్క డబ్బాలోంచి రాదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, బజ్జీ పిండిలో కలిపే వంటసోడా, బేకరీ బిస్కెట్, అన్నింట్లోనూ సోడియం ఉంది. కూర అందరికీ ఒకే గిన్నెలో వండుతారు కాబట్టి రోగికి ఉప్పు తగ్గించడమంటే ఇంటిల్లిపాదికీ తగ్గించడమో, రెండోసారి పొయ్యి వెలిగించడమో. ఇక్కడే భార్య కాపలాదారుగా మారుతుంది, భర్త దొంగచాటుగా తినే పిల్లాడవుతాడు. ఈ యుద్ధం చేయదగినదేనా అన్నది అడగాల్సిన ప్రశ్నే. ఆరు దేశాల్లో 806 మందితో జరిగి 2022లో వెలువడిన సోడియం-హెచ్‌ఎఫ్ ప్రయోగం, రోజుకు 1,500 మిల్లీగ్రాముల లోపుకు సోడియం తగ్గించినంత మాత్రాన మరణాలూ ఆస్పత్రి చేరికలూ తగ్గలేదని తేల్చింది. నెదర్లాండ్స్‌లో జరిగి 2025లో వెలువడిన ఫ్రెష్-అప్ ప్రయోగం కూడా, జబ్బు నిలకడగా ఉన్నవారు నీళ్లను రోజుకు లీటరున్నరకు కట్టేసుకోవడం వల్ల చెప్పుకోదగ్గ మేలు ఉన్నట్టు చూపలేదు. దాహం మాత్రం పెరిగింది. ఇవి విచ్చలవిడిగా తినమని చెప్పే ఫలితాలు కావు. ఆ రోగుల తిండిలో మొదటినుంచీ ఉన్న ఉప్పు మన పచ్చడి అన్నంలో ఉన్నంత కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజుకు 5 గ్రాముల ఉప్పు హద్దు మనకు ఇంకా దూరంలోనే ఉంది. అయితే ఇల్లంతా రణరంగం చేసుకుని చప్పిడి కూడు తినిపించనక్కరలేదని అవి భరోసా ఇస్తాయి. అప్పడం, ఊరగాయ మానేసి, కూరలో ఉప్పు కాస్త తగ్గించి, మిగతా పట్టుదలను మందుల మీదా బరువు మీదా పెట్టడం ఇద్దరికీ మేలు. ‘లో సోడియం’ అని అమ్మే ఉప్పు వైపు మాత్రం డాక్టరును అడగకుండా వెళ్లకూడదు. దాంట్లో పొటాషియం ఎక్కువ. రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వాడేవారికి, కిడ్నీలు బలహీనపడినవారికి అది గుండె లయనే దెబ్బతీయగలదు. రంజాన్ ఉపవాసమైనా, కార్తీక సోమవారమైనా నీటి గోలీ వేళను ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి, అదీ ఇద్దరూ కలిసి.

జంటకు చెబితే లాభమని ప్రయోగాలు నిజంగా నిరూపించాయా అన్నది గట్టి అభ్యంతరం. ఫలితాలు కలగలుపుగానే ఉన్నాయి. మైకేల్ రిచ్ బృందం 1995లో 70 ఏళ్లు పైబడిన 282 మందితో చేసిన ప్రయోగంలో నర్సు ఆధ్వర్యాన రోగికీ కుటుంబానికీ వివరంగా నేర్పి, మందులు సరిచూసి, ఇంటికి వెళ్లాక వెంటపడి చూసుకుంటే, మూడు నెలల్లో గుండె వైఫల్యంతో మళ్లీ ఆస్పత్రిలో చేరడం సగానికి పైగా తగ్గింది. 2008 నాటి డచ్ ప్రయోగం కోచ్‌లో వెయ్యిమందికి పైగా రోగులకు నర్సులు నేర్పినా మరణాలు, చేరికలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. స్వీడన్‌లో 155 జంటలకు ఇచ్చిన శిక్షణ వల్ల జబ్బు తమ అదుపులో ఉందన్న భావన రోగుల్లో మూడు నెలలకు పెరిగింది, తర్వాత నిలవలేదు. ఇటలీలో 510 జంటలతో జరిగిన మోటివేట్-హెచ్‌ఎఫ్‌లో నర్సుల సంభాషణ రోగుల స్వీయసంరక్షణను మెరుగుపరిచింది గానీ, సంరక్షకులనూ చేర్చడం వల్ల వచ్చిన అదనపు మేలు ఎంతో తేటగా తేలలేదు. నా తీర్పు ఇది: ఒకటి రెండు సార్లు కూర్చోబెట్టి చెప్పే పాఠం జంటను మార్చదు. రిచ్ ప్రయోగం ఫలించింది కుటుంబానికి చెప్పిన మాటకు తోడు మందుల సవరణ, తరచుగా చూడటం ఉన్నందువల్ల. పైగా ఆ యూరోపియన్ రోగులకు ఇంటి దగ్గరే ఫ్యామిలీ డాక్టరు, నర్సు ఉంటారు. సంరక్షకురాలు లేకున్నా చూసే కళ్లున్నాయి. మన బస్తీలో ఆమె తప్ప మరో కన్ను లేదు. అక్కడ తేలని తేడా ఇక్కడా తేలదని చెప్పడానికి వీల్లేదు.

ముందు మందులు దొరకనివ్వండి, తర్వాత జంటల సంగతి మాట్లాడదాం అన్నది రెండో అభ్యంతరం. ఇది న్యాయమైన కోపం. తిరువనంతపురం రిజిస్ట్రీలో గుండె పంపింగ్ తగ్గినవారిలో ఇంటికి వెళ్లేటప్పటికి మార్గదర్శకాల ప్రకారం మందులు అందినవారు పావు వంతే; జాతీయ రిజిస్ట్రీ నాటికి కూడా అది సగానికి చేరలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ స్టెంటుకో, బైపాస్‌కో ఆదుకుంటుంది. ఇంట్లో ఏళ్ల తరబడి మింగే గోలీల ఖర్చు మాత్రం చాలావరకు కుటుంబం మీదే పడుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ జెనెరిక్‌లు 2020 చివర నుంచి, సాకుబిట్రిల్-వల్సార్టన్ జెనెరిక్‌లు 2023 నుంచి రావడంతో ధరలు బాగా దిగాయి. కానీ చవకైన మందు కూడా వాడితేనే పనిచేస్తుంది. వాపు దిగగానే ‘ఇక నయమైంది’ అని ఆపేయడం, బీపీ కాస్త తగ్గి కళ్లు తిరిగితే మొత్తం చీటీనే పక్కన పెట్టేయడం జరిగేది ఇంట్లోనే. ఆ పూట ఆపవద్దు, అడుగుదాం అని చెప్పగలిగేది తోడున్న మనిషి ఒక్కరే, అదీ ఆమెకు ముందే ఎవరైనా చెప్పి ఉంటేనే.

మూడో అభ్యంతరాన్ని తేలిగ్గా దాటేయకూడదు. సంరక్షకులంటే ఆచరణలో ఆడవాళ్లే: భార్య, కోడలు, కూతురు. జంట అన్న మంచి మాట కింద ప్రభుత్వమూ ఆస్పత్రీ చేయవలసిన పనిని జీతం లేకుండా వారి నెత్తిన పెడుతున్నామా? ఆ ప్రమాదం నిజమైనదే. కానీ ఆ పని ఆమె ఇప్పటికే చేస్తోంది. ఆమె శ్రమను గుర్తించకుండా వదిలేస్తే భారం తగ్గదు, తెలియక చేసే తప్పు, ఆ తప్పుకు పడే నింద మాత్రమే పెరుగుతాయి. రోగి స్త్రీ అయినచోట లెక్క ఇంకా చేదుగా ఉంటుంది. మన రిజిస్ట్రీల్లో రోగుల్లో మూడో వంతు కూడా స్త్రీలు లేరు. జబ్బు పడ్డాక కూడా పొయ్యి దగ్గర నిలబడేది తానే, నీళ్లు పట్టేది తానే అయిన గృహిణికి సంరక్షకుడు ఎవరు? రోర్‌బా బృందం ఎనిమిదేళ్ల తర్వాత చూసినప్పుడు దాంపత్యపు ప్రభావం స్త్రీ రోగుల్లోనే ఎక్కువగా కనిపించింది. కాబట్టి జంటగా చూడటమంటే మగవాడికి పని చెప్పడం కూడా: బరువు రాయడం, మందులు తేవడం, పొద్దుటి పొయ్యి తాను వెలిగించడం.

జంటగా చూడటానికి అడ్డొచ్చే అలవాటొకటి మనవాళ్లకు ఉంది. డాక్టరు గదిలోంచి నాన్నను బయటికి పంపి, ‘ఆయనకేం చెప్పకండి, తట్టుకోలేరు’ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ జబ్బు పేరు తెలియని మనిషి పొద్దున్నే త్రాసు ఎందుకు ఎక్కాలి? వాపు తగ్గాక గోలీ ఎందుకు మింగాలి? ఒకరు తెలిసి, మరొకరు తెలియక ఉంటే అక్కడ జంట ఉండదు. ఒక అధికారి, ఒక ఖైదీ ఉంటారు. రోగి అనుమతితో, రోగి ఎదుటే, ఇద్దరికీ ఒకే మాట చెప్పడం వైద్యుడి బాధ్యత. ఇంట్లో ఎవరి మాట చెల్లాలన్న తగువుకు అదే విరుగుడు కూడా.

ఆస్పత్రులు సంరక్షకులను మరీ చూడకుండా లేవు. ప్రతి వార్డులో రోగితో ఒక అటెండెంట్ ఉండాలన్నది రాయని నియమం. మూత్రం కొలిచేది, స్ట్రెచర్ తోసేది, స్కానింగ్ రిపోర్టు తెచ్చేది వారే. 2022 మేలో హైదరాబాద్‌లోని 18 ప్రభుత్వ ఆస్పత్రుల్లో అటెండెంట్లకు 5 రూపాయల భోజనం మొదలుపెట్టడం వారి ఉనికికి దొరికిన మంచి గుర్తింపు. తిండి పెట్టాక చెప్పవలసింది చెప్పడం మిగిలింది. వార్డులో ఖాళీగా గడిచే ఆ గంటలే నేర్పడానికి అనువైన సమయం. 2014లో మొదలైన నూరా హెల్త్ సంస్థ నారాయణ హృదయాలయలో గుండె ఆపరేషన్ల రోగుల కుటుంబాలకు వార్డులోనే శిక్షణ ఇచ్చి ఈ దారి చూపింది. బన్సీలాల్‌పేట్ లాంటి చోట రెండో మెట్టు బస్తీ దవాఖానా. 2018 నుంచి నగరంలో నడుస్తున్న ఈ చిన్న కేంద్రాల్లో డాక్టరూ నర్సూ బరువు యంత్రమూ ఉన్నాయి. ఇంట్లో త్రాసు లేని జంట వారానికి రెండుసార్లు అక్కడికి నడిచి వచ్చి నోటుపుస్తకంలో అంకె రాయించుకుంటే, గాంధీ ఆస్పత్రి కార్డియాలజీ ఓపీలో వైద్యుడికి తోచినట్టు అడిగిన ప్రశ్నల జవాబులకు బదులు అంకెల వరస కనిపిస్తుంది. ఎవరూ లేని ఒంటరి రోగికి జంటలో రెండో సగం ఆశా కార్యకర్తో, పక్కింటివారో కావాలి. అది ఆస్పత్రి నుంచి పంపేటప్పుడే పేరు పెట్టి తేల్చుకోవలసిన విషయం.

జబ్బు చివరి దశకు వచ్చాక జంట ముందు మరో రకం నిర్ణయాలుంటాయి. మళ్లీ ఐసీయూకి వెళ్లాలా, వెంటిలేటరు పెట్టించుకోవాలా, ఇంట్లోనే ఆయాసానికి ఉపశమనం తీసుకోవాలా? తన కోరికను ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించి, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. గుండె వైఫల్యం ఎగుడుదిగుడుగా ముదురుతుంది. ఒక్కోసారి చావు అంచు నుంచి వెనక్కి వచ్చి ఆరు నెలలు బాగా ఉంటారు. కాబట్టి ఆ మాటకు సరైన సమయం ఎప్పుడూ రాదనిపిస్తుంది. ఆస్పత్రిలో రెండోసారి చేరి తేరుకున్నాక, రోగి తన నోటితో చెప్పగలిగినప్పుడే అడగడం మంచిది. తెలంగాణలో జిల్లా ఆస్పత్రుల పాలియేటివ్ (ఉపశమన సేవల) కేంద్రాలు ప్రధానంగా క్యాన్సర్ రోగుల కోసం పెరిగాయి. గుండె రోగులూ వాటికి అర్హులేనన్న సంగతి చాలా ఇళ్లకు చేరలేదు. ఈ ఏళ్లన్నిటా చూసుకున్న మనిషి ఆరోగ్యం సంగతీ ఉంది. ఆమెకూ యాభై దాటి ఉంటాయి, ఆమెకూ బీపీ ఉండవచ్చు, నిద్ర లేని రాత్రులు లెక్కలేనన్ని. భర్తకు బీపీ చూసిన కుర్చీలోనే ఆమెనూ కూర్చోబెట్టి చూసి, ఆ అంకెను అదే నోటుపుస్తకంలో రెండో పేజీలో రాయడానికి బస్తీ దవాఖానాలో కొత్త పథకమేమీ అక్కరలేదు.